వందకి ఒక్కటి తక్కువ

మా నాన్న వారానికి ఆరు రోజులు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తా, ఏడో రోజు క్రికెట్ స్కోరరు. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మాత్రం ఏడో రోజు పనే ముందు చెప్పేవాడు. ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెక్కిన పెన్సిళ్లు నాలుగు జేబులో పెట్టుకుని, పొడుగాటి స్కోరు పుస్తకం చంకలో ఇరికించుకుని బయలుదేరేవాడు. "ఆడేవాళ్లు కూడా ఇంత ముస్తాబవ్వరు" అనేది అమ్మ.

స్కోరర్లు ఇద్దరుంటారు, జట్టుకొకరు. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకుంటారు. ఓవరు అవగానే "సరిపోయిందా?" అని ఒకరినొకరు అడిగి చూసుకుంటారు. నాన్న పుస్తకంలో తప్పు దొరికిందన్నవాడు లేడు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. ఆయన సూత్రం ఒక్కటే: కంటికి కనిపించింది కాదు, అంపైరు సైగ చేసింది రాయాలి.

బాబాయి నాన్నకన్నా పదేళ్లు చిన్న. అదే గ్రౌండులో బ్యాట్స్‌మన్. బ్యాటు పట్టుకోవడం నేర్పింది నాన్నే. టెస్టు మ్యాచ్ ఉందంటే అన్నదమ్ములిద్దరూ ఒకే ట్రాన్సిస్టరుకి చెరోపక్క చెవులు ఆనించి కూర్చునేవాళ్లు. భారత జట్టు ఓడిపోకుండా బయటపడితే చాలు, అదే గెలుపనుకునే రోజులవి. కామెంటరీ వింటూ నాన్న స్కోరు రాస్తుంటే రెండో స్కోరరు బాబాయి. "సరిపోయిందా?" "సరిపోయిందన్నయ్యా." వీళ్ల గోల పడలేక అమ్మ నన్ను చంకనేసుకుని పక్కింటికి వెళ్లిపోయేదట.

బాబాయికి ఇరవై రెండేళ్లప్పుడు లీగులో ఆ ఏటి చివరి మ్యాచ్ వచ్చింది. పై స్థాయి జట్టుకి పంపే ఆటగాళ్ల లిస్టు తయారవుతోంది. సెంచరీ ఉన్నవాళ్ల పేర్లే పంపుతామని క్లబ్బు సెక్రటరీ ముందే చెప్పేశాడు. బాబాయి తొంభై తొమ్మిది మీద ఉన్నాడు. అవతలి వైపు ఆఖరి బ్యాట్స్‌మన్. బంతి కాళ్ల దగ్గర పడింది, టక్‌మని చప్పుడైంది, వెనక్కి దొర్లుకుంటూ పోయింది. ఇద్దరూ ఒక పరుగు తీశారు. బ్యాటుకి తగిలి ఉంటే ఆ పరుగు బాబాయిది. కాలికి తగిలి ఉంటే లెగ్‌బై, అంటే పరుగు జట్టుకే గానీ బాబాయికి రాదు.

అంపైరుగా ఉన్నది స్కూలు డ్రిల్లు మాస్టారు. ఆయన కాలెత్తి చేత్తో మోకాలు తాకాడు. లెగ్‌బైకి సైగ అదే. నాన్న చూశానన్నట్టు చెయ్యి పైకెత్తి లెగ్‌బై రాశాడు. పక్క స్కోరరు నాన్న పుస్తకంలోకి చూసి అదే రాసుకున్నాడు. తర్వాతి బంతికి ఆఖరివాడు అవుట్. బాబాయి తొంభై తొమ్మిది నాటౌట్. ఎవర్నీ ఒక్క మాట అడగకుండా ప్యాడ్లు విప్పుకున్నాడు.

సాయంత్రం సైకిల్ స్టాండ్ దగ్గర డ్రిల్లు మాస్టారు అచ్చం అలాగే కాలెత్తి మోకాలు నొక్కుకుంటూ కనిపించాడు.

"పొద్దుట్నుంచీ ఇదే వరసయ్యా. కాసేపు నిలబడితే పట్టేస్తోంది" అన్నాడు.

నాన్న అక్కడే ఆగిపోయాడు. ఆయన సైగే చేశాడా, లేక నొప్పికి మోకాలు పట్టుకున్నాడా? ఒక్క ప్రశ్నతో తేలిపోయేది. లిస్టు ఇంకా వెళ్లలేదు కూడా. నాన్న అడగలేదు. తప్పు దొరకని పుస్తకమన్న పేరుంది చూశారూ, అది అడగనివ్వలేదు. లిస్టులో బాబాయి పేరు లేదు. మరుసటి ఏడు ఆయన మిల్లులో ఫిట్టరుగా చేరి ఆట మానేశాడు.

అప్పట్నుంచి నాన్న తేలు కుట్టిన దొంగలా తమ్ముడికి దూరంగా తిరిగాడు. ఊరికి ఆ చివర ఇల్లు మార్చాడు. మ్యాచ్ ఉంది, కలిసి విందాం రమ్మని బాబాయి కబురు పెడితే ఓసారి డ్యూటీ అన్నాడు, ఓసారి జ్వరమన్నాడు. కొన్నాళ్లకి కబుర్లూ ఆగిపోయాయి. పెళ్లిళ్లలో ఎదురుపడితే "బాగున్నావా?", "బాగున్నా." అంతే.

క్రికెట్ మాత్రం వీళ్ల కోసం ఆగలేదు. మనవాళ్లు ప్రపంచకప్పు గెలిచారు. ఆ రోజు నాన్న రేడియో ముందు ఒక్కడే కూర్చుని స్కోరు రాశాడు. ఆఖరి వికెట్టు పడగానే పక్కకి తిరిగి "సరిపోయిందా?" అన్నాడు. పక్కన గోడ తప్ప ఎవరూ లేరు. నాకప్పుడు ఏడేళ్లు. గుమ్మంలో నిలబడి చూస్తున్నదాన్ని, పాపమనిపించి "సరిపోయింది నాన్నా" అన్నాను. "నీకేం తెలుసే" అని లేచి వెళ్లిపోయాడు.

టీవీ వచ్చింది. తెల్లబట్టలు పోయి రంగుబట్టలు వచ్చాయి, లైట్ల కింద ఆటలు వచ్చాయి. ఎవరూ పేరైనా వినని ఊళ్ల నుంచి కుర్రాళ్లు వచ్చి జట్టులో నిలబడ్డారు. గెలవడం మనకి అలవాటైపోయింది. అలాంటి కుర్రాడు మొదటిసారి బ్యాటు పట్టుకుని దిగితే నాన్న కుర్చీ టీవీ దగ్గరకి జరుపుకునేవాడు. "వీడు నిలబడే తీరు చూడు, అచ్చం..." అని ఆగిపోయేవాడు. అచ్చం ఎవరిలాగో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకి తమ్ముడి మీద ఎంత బెంగో కూడా తెలుసు. ఎందుకు వెళ్లడో మాత్రం తెలీదు.

మొదటి కప్పు వచ్చిన ఇరవై ఎనిమిదేళ్లకి మనవాళ్లు మళ్లీ అదే కప్పు గెలిచిన ఫైనల్ రోజు పొద్దున చెప్పాడు నాన్న నాకీ కథంతా.

"ఒక్క పరుగుకి ఇన్నేళ్లా నాన్నా?" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ ఒక్క పరుగే వాడి బతుకు. ఈ మ్యాచ్ కూడా ఒక్కణ్ణే చూడలేను. నన్ను వాడింటికి తీసుకెళ్తావా?"

బాబాయి తలుపు తీసి, ఎవరో అపరిచితుణ్ణి చూసినట్టు చూసి, తర్వాత కంగారుగా కుర్చీ లాగాడు. నాన్న కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేశాడు. మోకాలి సంగతి, టక్‌మన్న చప్పుడు, అడగకుండా మింగేసిన ప్రశ్న. చివరికి "నీ సెంచరీ నేనే తినేశాన్రా" అన్నాడు.

బాబాయి కుర్చీ వదిలేసి అన్న ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆ చప్పుడు బ్యాటు నేలకి కొట్టుకున్నది అన్నయ్యా. బంతి నా ప్యాడుకే తగిలింది. నువ్వు రాసింది కరెక్టే" అన్నాడు.

"మరి నువ్వేమనుకున్నావురా, నేను రాకపోతే?"

"వందకి ఒక్కటి తక్కువ కొట్టినవాడి మొహం చూడ్డం నీకిష్టం లేదనుకున్నా. మొదటి కప్పు గెలిచిన మర్నాడు మీ వీధికొచ్చా. నువ్వు మెట్ల మీద పేపరు చదువుకుంటున్నావు. కాసేపు నిలబడి వెళ్లిపోయా."

"పిలవచ్చు కదరా."

"నువ్వు తలెత్తి చూస్తావేమో అని ఆగాను."

ఆ రోజు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మ్యాచ్ చూశారు. గెలుపు సిక్సరు పడగానే వీధి వీధంతా బయటికొచ్చి అరిచింది. లోపల నాన్న తమ్ముడి భుజం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. చూసినవాళ్లెవరూ ఎందుకని అడగలేదు. ఆ రోజు అందరూ ఏడ్చారు.