మామ అరువిచ్చిన పేచ్‌కస్

మా పక్కింటి మామ పోయి ఇరవై రోజులయింది. ఆ పొద్దున నేను నల్లా కింద బిందె పెట్టి నిల్చున్నాను. గోడ అవతల నుంచి ఆయన భార్య, అత్తమ్మ గొంతు వినబడింది. "బిడ్డా, మీ మామ ఎంత లేపినా లేస్తలేడే. జర రా." బిందె నిండి పొర్లుతున్నా వదిలేసి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే, నా తప్పు ఒకటి చెప్పకుండా ఆ మంచి మాటలు రాయడం నా వల్ల కాలేదు. అందుకని రెండూ రాస్తున్నాను.

ఆయనకూ మాకూ చుట్టరికం ఏమీ లేదు. కాజీపేటలో రైల్వే ఫిట్టరుగా పనిచేసి, రిటైరయ్యాక హన్మకొండలో మా పక్కిల్లు కొనుక్కున్నారు. వాడకట్టంతా మామా అనే పిలిచేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు మనిషెత్తు ఇంజన్ల కింద దూరి పనిచేసిన ఆయన, రిటైరయ్యాక గడియారాలు, ట్రాన్సిస్టర్లు, కుట్టుమిషన్లు ముందేసుకుని కూర్చునేవారు. కిటికీ కింద పీట, దాని మీద తెల్ల తువ్వాల. విప్పిన స్క్రూలు కలిసిపోకుండా ఆయనకొక పద్ధతి ఉండేది. అత్తమ్మ చపాతీ పిండి కలిపినప్పుడల్లా నిమ్మకాయంత ముద్ద అడిగి తీసుకుని, దాన్ని తువ్వాల మీద వెడల్పుగా ఒత్తి, ఒక్కో స్క్రూను విప్పిన వరుసలోనే అందులో గుచ్చేవారు. "ఈయనకు వండి పెట్టుడే గాక ఈయన స్క్రూలకు గూడ పిండి కలపాలె" అని అత్తమ్మ సణిగేది. సణుగుతూనే ముద్ద తీసి ఇచ్చేది.

కొన్నేళ్ళ కిందట మా తమ్ముడు మస్కట్ నుంచి సెలవు మీద వస్తూ మా అమ్మాయికి రిమోటుతో నడిచే కారు తెచ్చాడు. మా వాడకట్టులో అలాంటిది అదే మొదటిది. ఇంటి ముందు మట్టిలో నెలరోజులు పరుగెత్తి, ఒకనాడు గర్రుమని ఆగిపోయింది. మా ఆయన ఉద్యోగరీత్యా వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండరు. నేనే కారు పట్టుకుని మామ దగ్గరికి వెళ్ళాను.

ఆయన దాన్ని బోర్లా తిప్పి చూశారు. "పండ్ల చక్రాలల్ల, గేర్లల్ల, ఇసుక పోయింది. చేసిస్త గని, నువ్వు గూడ కూసో. ఈ కారు మళ్ల మళ్ల ఆగుతది. ప్రతిసారి నా గడప తొక్కుతవా? నీ సామాను నువ్వు తెచ్చుకో, నేర్పుత."

నాకు ఏ పనైనా ముందు కాగితం మీద పెట్టడం అలవాటు. వంటింట్లో ప్రతి డబ్బా మీదా ఏముందో, ఎప్పుడు విప్పానో చీటీ అంటించి ఉంటుంది. ఆ పద్ధతిలోనే కారు సామాను జాబితా రాసి తీసుకెళ్ళాను. సుత్తి, రంపం, పెద్ద పాన, చిన్న పాన, ఆకురాయి, ఇలా ఒక పేజీ నిండింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చదివి, "ఏంది బిడ్డా, కారు బాగుచేస్తాన్నవా, ఇల్లు కడతాన్నవా?" అన్నారు.

తర్వాత జాబితా ఎలా రాయాలో చెప్పారు. దుకాణం తలుచుకుని కాదు, కారును చూసి రాయాలి. కారును బోర్లా పెట్టి స్క్రూలు లెక్కపెట్టించారు. పద్నాలుగు స్క్రూలు, అన్నిటికీ తల మీద ప్లస్ గుర్తు, కానీ రెండు సైజులు. చక్రాలకు నాలుగు నట్లు. లోపల మోటారు దగ్గర, సన్న పట్టుకారులాంటి చిమటా లేకుండా అందని చోటొకటి. అంటే నాకు కావలసినవి స్క్రూలు తిప్పే స్టార్ పేచ్‌కస్‌లు రెండు, ఒక చిన్న పాన, ఒక చిమటా. పేజీ నిండా రాసుకెళ్ళిన నేను నాలుగు పేర్ల చీటీతో ఇంటికొచ్చాను.

మర్నాడు కారును చేసంచిలో పెట్టుకుని ఇద్దరం బస్సెక్కి వరంగల్ చౌరస్తాకు వెళ్ళాం. దుకాణదారు మెరిసే పెట్టె ఒకటి తెరిచాడు. "ఫారిన్ మాల్ అమ్మా. ముప్పై రెండు పీసులు. జిందగీ మొత్తం ఇంకోటి చూడనక్కర లేదు."

"ముప్పై రెండా? మా కారుకు గన్ని రోగాలు లేవయ్యా," అన్నారు మామ. "విడిగ ఉన్నయి తియ్యి."

విడిగా ఉన్న పేచ్‌కస్‌లను ఒక్కొక్కటే నా చేతే పరీక్ష చేయించారు. మొన స్క్రూలో పెట్టి పిడిని అటూ ఇటూ కదపాలి. మొన లోపల ఊగితే పక్కన పెట్టేయాలి. "ఊగేది తిప్పినవనుకో, స్క్రూ తల అరిగిపోతది. పిడి రంగు చూడకు, డబ్బ చూడకు. మొన చూడు." దుకాణదారు విసుక్కుంటున్నా గంటసేపు చూశాం. పాన, చిమటా, పెద్ద పేచ్‌కస్ దొరికాయి. చిన్నది మాత్రం దొరకలేదు. ఆ కారు స్క్రూలలోని గుంత మన దగ్గర దొరికే మొనలకు కాస్త తేడాగా ఉంది. ఏది పెట్టినా ఊగుతూనే ఉంది.

ఇంటికొచ్చాక మామ తన పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన పేచ్‌కస్ ఒకటి తీశారు. విదేశీ ట్రాన్సిస్టర్ల కోసం ఆయన స్వయంగా రాయి మీద అరగదీసి మొన కుదుర్చుకున్నది. కారు స్క్రూలో పెడితే పుట్టుకతోనే అక్కడ ఉన్నట్టు నిలబడింది.

"నీకు దొరికిందాక ఇది ఉంచుకో. నీ చెయ్యి నిలకడైంది. నీకిస్తే ఫికర్ లేదు."

చదువుకున్న రోజుల్లో కూడా నన్నెవరూ అంత మాట అనలేదు. ఆ తర్వాత రెండు నెలలు కారు ఆగినప్పుడల్లా నేనే విప్పి, పిండి ముద్దలో స్క్రూలు గుచ్చి, ఇసుక దులిపి, మళ్ళీ బిగించాను.

ఒక మధ్యాహ్నం ఇంటికి చుట్టాలొచ్చారు. చాయ్‌కి పాలు లేవు. కొత్త పాలపొడి డబ్బా మూత ఎంతకీ రాలేదు. చెంచా పెడితే చెంచా వంగింది. అలమరలో చేతికందేంత దూరంలో మామ పేచ్‌కస్ ఉంది. దాని మొనను మూత కింద దూర్చి పైకి లేపాను. మూత వచ్చింది. టిక్కుమని చిన్న చప్పుడూ వచ్చింది. మొనకున్న నాలుగు అంచుల్లో ఒకటి లేదు.

చుట్టాలు వెళ్ళాక పాలపొడినంతా జల్లించాను. బియ్యపు నూకలో సగమంత ఇనుప ముక్క దొరికింది. దాన్ని మురుగునీళ్ళ మోరీలో పడేశాను. పేచ్‌కస్‌ను ఎప్పటిలాగే గుడ్డలో చుట్టి, సాయంత్రం మామ ఇంట్లో లేని వేళ చూసి, "పనైపోయింది అత్తమ్మా, మామకివ్వు" అని ఇచ్చి వచ్చాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఏదో పని పడింది.

మూడో రోజు కూర గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి మామ ఎవరిదో ట్రాన్సిస్టర్ ముందేసుకుని ఉన్నారు. పేచ్‌కస్ జారి స్క్రూ తల నున్నగా అరిగిపోయింది, ట్రాన్సిస్టర్ డబ్బా మీద పొడుగ్గా గీత పడింది. ఆయన భూతద్దం తీసి మొనను అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, "నా చేతులనే ఇరిగింది. జోరు ఎక్కువ పెట్టిన. చెయ్యికి అంచనా తప్పింది," అన్నారు.

విరిగిన ముక్క ట్రాన్సిస్టర్ లోపల పడి ఉంటుందని వెతకడం మొదలుపెట్టారు. బోర్లించి తట్టారు. అయస్కాంతం తిప్పారు. తువ్వాల దులిపారు. నేను గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను. ఆ ముక్క ఎక్కడుందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నోరు విప్పితే అయిపోయేది. "నీకిస్తే ఫికర్ లేదు" అన్న మనిషి ముందు నా పరువు పోతుందని విప్పలేదు.

"కండ్లు గూడ పోయినయ్ బిడ్డా," అని ఆయన వెతకడం ఆపారు.

ఆ తర్వాత ఎవరేం తెచ్చినా ఆయన ముట్టలేదు. "నాతోని కాదు. మంది వస్తువు ఖరాబ్ చేసుడు నాకెందుకు?" అని తిప్పి పంపేవారు. పీట, తువ్వాల ఎక్కడివక్కడే ఉండేవి. కారు ఆగితే దాన్నీ, తర్వాత వెతికి కొనుక్కున్న చిన్న పేచ్‌కస్‌నూ తీసుకెళ్ళి ఆయన ముందు విప్పేదాన్ని. ఎలాగైనా మళ్ళీ పనిలో పెడదామని నా ఆశ. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, "ఆ స్క్రూ ముందు. ఇగ అది," అని నోటితోనే చెప్పేవారు. నాలుగేళ్ళు అలాగే గడిచాయి. అందులో చెప్పడానికి వీలులేని రోజంటూ ఒక్కటీ లేదు.

మామ పోయిన పదో రోజు బంధువులంతా వెళ్ళాక అత్తమ్మ సామాను పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "నీకు సామాను ఎంచుడు తెలుసని మీ మామ అనేటోడు. ముందు నీకు కావల్సింది నువ్వు తీసుకో. మిగిలింది ఎవలకన్న ఇస్త."

నేను పెట్టె ముట్టలేదు. పాలపొడి డబ్బా దగ్గర్నుంచి మోరీ దాకా అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాను.

అత్తమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. పెట్టెను పక్కకు జరిపి అన్నది. "రోజు పొద్దుగాల చాయ్ కప్పు చేతిల పట్టుకొని నన్ను పిలిచేటోడే. 'చూడవే, నా చెయ్యి వణుకుతాందా?' అని అడిగేటోడు. వణుకుతలేదయ్యా అంటే నమ్మకపాయె. నా మనసు కోసం అబద్ధం చెప్తాన్నవనేటోడు. నాలుగేండ్లు అడిగిండే బిడ్డా."

నేను ఆమె పాదాలు పట్టుకున్నాను. ఆమె నన్ను లేపనూ లేదు, తోసేయనూ లేదు. కాసేపటికి తనే మెల్లగా కాళ్ళు వెనక్కి తీసుకుని లేచింది. ఆయన ప్రాణం పోయిన చోట పెట్టిన దీపం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆఖరి రోజుల్లో ఆయనకు చెవులు సరిగా వినబడేవి కావు. అందుకేనేమో, పక్కన మనిషే ఉన్నట్టు దీపం మీదికి వంగి, గొంతు పెద్దది చేసి చెప్పింది.

"ఇన్నవా? నీ చెయ్యి మంచిగనే ఉండెనట."

ఆమె ఊపిరికి దీపం ఒకసారి పక్కకు వాలింది. అత్తమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి, అది నిలబడేదాకా అలాగే కూర్చుంది.