ఒక రౌండు ముందే మోగిన గంట

కాలికి బుద్ధి చెప్పడమంటే లోకానికి పారిపోవడం. గంటక్కకు మాత్రం అదే ఉద్యోగం. బడి వెనక మైదానంలో, సున్నం గీతలు సగం చెరిగిన ట్రాకు మీద పిల్లలకు పరుగు నేర్పుతుంది. ముక్కు మీద కోపం, మెడలో విజిల్, రెండూ ఎప్పుడూ దించదు.

ఆ పేరు కాలేజీలో అంటుకుంది. దూరపు పరుగుల్లో ఆమెను అందుకునేవాళ్ళు లేని రోజులవి. పెద్ద పోటీలో అందరికన్నా ముందుంది. చివరి రౌండుకు కొట్టాల్సిన గంట ఎవరో ఒక రౌండు ముందే కొట్టారు. ఉన్న సత్తువంతా ఊడ్చి పరిగెత్తి, గీత దాటి గడ్డిలో పడిపోయింది. లెక్క తప్పనివాళ్ళు ఇంకో రౌండు తిరిగి పతకాలు పట్టుకుపోయారు. ఇదేం న్యాయమని అడిగితే, "రౌండ్లు లెక్కపెట్టుకోవడం నీ పనమ్మా," అన్నారు పెద్దమనుషులు. గంట కొట్టినవాడికి చీమ కుట్టినట్టయినా లేదు. ఆ మంట ఆమెకు ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

అందుకే తన దగ్గరికి వచ్చిన పిల్లలు పరిగెడుతూ రౌండ్లు పైకి చెప్పాలి.

"పరుగు నేర్పుతున్నావా, ఎక్కాలా?" అని తండ్రి ఆటపట్టించేవాడు.

"రెండూ నాన్నా," అనేది.

ఈసారి బడుల పోటీలకు బయలుదేరేముందు హెడ్మాస్టరు పిలిచాడు. "అక్కడ మళ్ళీ ఎవరితోనైనా గొడవ పెట్టుకుంటే, ఇక బడికి రానక్కర్లేదు మేడం." ఆమె తలూపింది. ఆ ఉద్యోగం తప్ప ఆమెకు వేరే లోకం లేదు.

పందెంలో ఆమె శిష్యురాలు, దర్జీ కూతురు, పెదవులు కదుపుతూ నాలుగో స్థానంలో వస్తోంది. గంట మోగింది. ఒక రౌండు ముందే. ముందున్న ముగ్గురూ తాడో పేడో అన్నట్టు దూసుకుపోయి, గీత దాటి కూలబడ్డారు. దర్జీ కూతురు మాత్రం వేగం పెంచలేదు, తగ్గించలేదు. గీత దగ్గర అధికారి చేతులు అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా, అయిపోయింది."

ఆ పిల్ల నిలబడ్డచోటే కాళ్ళాడిస్తూ గంటక్క వైపు చూసింది. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. గంటక్క తాడు దాటి లోపలికి వచ్చింది.

"ఇంకో రౌండుంది సార్."

"గంట కొట్టేశాం కదా. మీ పిల్ల నాలుగోది, వెళ్ళి కూర్చోండి."

"గంట మీది, పరుగు దానిది. లెక్క మా పనేనని మీవాళ్ళే చెప్పారు నాకు. మేం లెక్కపెట్టుకున్నాం."

"మళ్ళీ ఈ మైదానంలో అడుగు పెట్టలేరు మీరు."

"పెట్టేశాను కదా."

గ్యాలరీలో హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు. గంటక్క ఆయన్ని చూసింది. చూసే, బల్ల మీది గంట అందుకుని గట్టిగా మోగించింది.

"చివరి రౌండు. పదవే."

దర్జీ కూతురు అధికారి చేతుల కింద నుంచి దూరి పరుగందుకుంది. గడ్డిలో పడున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి లేచింది. ఆ వెనకే మిగతా ఇద్దరూ లేచారు.

"ఆ గంట ఇటివ్వండి," అన్నాడు అధికారి.

"పందెం అవనివ్వండి, ఇస్తాను," అంది గంటక్క.