కరెంటు పోయినప్పుడు విన్న పట్నం

మా బాపు పోయింది దుబాయ్ కాదు, ఎడారిల ఇంకో పట్నం. కని అప్పట్ల సిరిసిల్లల ఎవరు ఏ గల్ఫ్ దేశం పోయినా దుబాయ్ పోయిండనే అనేటోళ్లు. బాపుకు చదువు రాదు. ఉత్తరం రాయలేక క్యాసెట్ల మాట్లాడి, సెలవు మీద వచ్చే మెట్‌పల్లాయన చేతికిచ్చి పంపేటోడు.

మాకు టేపురికార్డరు లేదు. పక్కింటి దర్జీ చాచకు ఉండె. మా వాడల ఏ ఇంట్ల చూసినా కరెంటు మీద బట్ట నేసే సాంచెలే, గా మోతల పక్కమనిషి మాట వినపడది. అందుకని కరెంటు పోయేదాక ఆగేది. కరెంటు పోంగనే సాంచెలన్నీ ఒక్కసారే ఆగేటియి. చాచ బ్యాటరీలు ఏసుకొని ఉరికొచ్చేటోడు. నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. కరెంటు పోవాలని రాజన్న దేవునికి మొక్కుకున్నది సిరిసిల్ల మొత్తంల నేనొక్కదాన్నేనేమో.

మొదటి క్యాసెట్ల బాపు అన్న మాట ఇప్పటికీ యాదుంది. "బిడ్డా, ఈడ ఊరు లేదు, ఇసుక ఉంది. ఇసుకల ఒక తారు గీత ఉంది. గా గీత మీద విమానాలు దిగుతయ్."

గా ఊరెట్ల పుట్టిందో ఆడున్న ముసలి కాపలాదారు బాపుకు ఉర్దూల చెప్పిండట. మొదలు ఆడ ఒక ఉప్పునీళ్ల బాయి తప్ప ఏం లేకుండె. ఒంటెలోళ్లు ఆగి పోయేటోళ్లు. ఎన్నడో ఒక చిన్న విమానం పెట్రోలు కోసం దిగుడు మొదలువెట్టింది. పైకెల్లి చూసేటోనికి జాడ తెలువాలని ఇసుకల డబ్బాలకు సున్నం పూసి వరుసగా పెట్టిండ్రు. తర్వాత భూమిల నూనె దొరికింది. డబ్బాలు పోయి తారు వచ్చింది.

బాపు చెప్పిన ఊరంతా నేను పాత క్యాలెండరు వెనుక గీసి గోడకు అతికిచ్చిన. క్యాసెట్ వచ్చినప్పుడల్లా ఇంకో కాగితం అతికిచ్చేది. సముద్రంకెల్లి నీళ్ల పైపు వచ్చింది, దవాఖాన వచ్చింది, మలయాళపోళ్ల దుకాణాల గల్లీ వచ్చింది. ఆఖరికి విమానాలు బాగుచేసే షెడ్డు వచ్చింది. మన వాడ సాంచెలన్నీ దాంట్ల పెట్టినా ఇంకా సగం ఖాళీ ఉంటదని బాపు చెప్తుంటే నాకు కాళ్లు నిలువలేదు. మా ఇంటి గోడ సాలలేదు, కాగితం మూల తిరిగి రెండో గోడకెక్కింది.

ఒకనాడు ఒక విమానంల సీటు గుడ్డ చినిగిందట. కుట్టేటాయన సెలవుల ఉన్నడు. ఈడ సాంచె మీద బట్ట నేసిన మా బాపు ముందటికి పోయి, పడుగేదో పేకేదో చూసి, చిరుగు కనపడకుండ పోగు మీద పోగు అల్లిండు. తెల్లారికెల్లి ఇసుక ఎత్తుడు బంద్, షెడ్డుల సీట్ల గుడ్డల పని. గా క్యాసెట్ మేం మూడుసార్లు విన్నం. తర్వాతి దాంట్ల ఇంకో ముచ్చట: ఇప్పుడు గా ఊర్ల విమానం రెక్కల ముక్కలు సుత తయారు చేస్తున్నరట. రేపో మాపో మీ బాపు విమానాన్నే నేస్తడని అవ్వ నవ్వింది.

గవి నక్సలైట్ల రోజులు, అన్నలనేటోళ్లు. గోడల మీద ఎర్ర రాతలు, పొద్దుగాలనే పోలీసు జీపులు. మా వాడల సాంచెల కార్మికుడు ఒకాయన సంఘంల తిరిగేటోడు. నేను ఆయనను అన్నా అని పిలిచేదాన్ని. ఒకనాడు పొద్దున ఆయనను పట్టుకొని, ఇల్లిల్లు సోదా చేసుకుంట మా ఇంట్లకొచ్చిండ్రు. గోడ మీది కాగితం ముందట ఎస్సై ఆగిండు. గేట్లు, కాపలా గదులు, నీళ్ల ట్యాంకులు, పక్కన తారీఖులు. ఇది ఏ క్యాంపు నక్షా అని అడిగిండు. మా బాపు పనిచేసే ఊరు సార్ అన్న. నమ్మలేదు. కాగితం, క్యాసెట్లు, నన్ను, అవ్వను జీపెక్కించిండ్రు. చాచ టేపురికార్డరు పట్టుకొని సైకిల్ మీద మా వెనుకనే వచ్చిండు.

ఠాణాల ఎస్సై క్యాసెట్ పెట్టించి విన్నడు. ఒక పక్క అయిపోతే తనే తిప్పి పెట్టిండు. తర్వాత అవ్వకు కుర్చీ ఏయించి, కాగితం బల్ల మీద పరిచి, గా షెడ్డు తలుపు ఎంతుంటదని నన్ను అడిగిండు. కాగితం మీద వేలు పెట్టి మొదలుపెట్టిన. బాయి కాడికెల్లి రెక్కల ముక్కల దాక చెప్తుంటే భయం ఎప్పుడు పోయిందో తెల్వదు. కానిస్టేబుళ్లు బల్ల చుట్టూ చేరిండ్రు. అంత మంది నా మాట వినుడు గదే మొదలు.

గోడకు ఆనుకొని, చేతులు కట్టేసి ఉన్న అన్న సుత విన్నడు. నేను ఆపంగనే మెల్లగ అడిగిండు.

"చెల్లె, గా ఊర్ల కూలోళ్లను సంఘం పెట్టుకోనిస్తరా?"

ఎస్సై ఆయనను గద్దించిండు. నేను కాగితం దిక్కు చూసిన. అంత పెద్ద కాగితంల కూలోళ్లు పండుకునే గది ఒక్కటి సుత నేను గీయలేదు.

మధ్యాహ్నానికి మమ్ముల ఇడిసిండ్రు. కాగితం మీద దేశం పేరు పెద్దగ రాసుకోమని ఎస్సై చెప్పిండు. అన్నను ఇడువలేదు. ఇంటికొచ్చినంక ఆయన అడిగిన మాటనే క్యాసెట్ల చెప్పి బాపుకు పంపిన.

జవాబు నాలుగు నెలలకు వచ్చింది. కరెంటు పోయినంక చాచ క్యాసెట్ పెట్టిండు. బాపు దగ్గి మొదలుపెట్టిండు.

"పెట్టనియ్యరు బిడ్డా. పాస్‌పోర్టు పనిచ్చే సేటు దగ్గర ఉంటది. ఒక్క గదిల పది మందిమి పండుకుంటం. షెడ్డు కప్పు ఏస్తుంటే కోరుట్లాయన ఒకడు పడి చచ్చిపోయిండు. మీరు బాధపడ్తరని చెప్పలేదు."

అప్పటికి అన్న బయటకు వచ్చిండు, కొంచెం కుంటుకుంట నడిచేటోడు. కరెంటు పోయినప్పుడు మా ఇంట్ల కూసోని గా మాటలు రెండుసార్లు విన్నడు. ఎండాకాలం బాపు సెలవు మీద వస్తే మొదలు కలువచ్చింది ఆయనే. ఇద్దరూ పొద్దున కూసుంటే అన్నాలు మరిచిపోయిండ్రు. నీళ్ల ట్యాంకు కట్టింది వీర్నపల్లోళ్లు, దీపాల తీగలు గుంజింది మెట్‌పల్లోళ్లు అని బాపు చెప్తుంటే నేను ఉరికి ఉరికి కాగితం మీద పేర్లు రాసిన. చెయ్యి గుంజింది, అయినా ఆపబుద్ధి కాలేదు. గా పట్నం దానంతటదే పెరిగిందనుకున్న ఇన్ని రోజులు. పెంచింది మా పక్క ఊర్లోళ్లని తెలిసినంక సంబురం రెట్టింపైంది.

గా సెలవులన్నీ అవ్వను తోడు తీసుకొని జగిత్యాల, కోరుట్ల బస్సులెక్కిన. సెలవు మీద వచ్చినోళ్ల ఇండ్లకు పోయి, మీరేం కట్టిండ్రని అడుగుడే పని. కప్పు మీదికెల్లి పడ్డాయన ఇంటికి పోవాలంటే మాత్రం భయమైంది. ఆయన భార్య బీడీలు చుడుతున్నది. మేం ఎందుకొచ్చినమో విని చేట పక్కకు పెట్టింది. ఆయన పని చేసిన జాగ ఏదో చూపించమన్నది. కాగితం పరిచి షెడ్డు చూపించిన. ఆమె దాని మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత లేచి, ఎండల పడి వచ్చిండ్రు, కూసోండ్రి అని పొయ్యి మీద చాయ్ పెట్టింది.