బావులు లేవని టైపు చేసిన చేతులు

తొంభైల చివర్లో కోరుట్లలో నాకొక చిన్న టైపు షాపు ఉండేది. బస్టాండు వెనక సందులో ఒక గది, రెండు మిషన్లు. ఒకటి ఇంగ్లీషుది, ఒకటి తెలుగుది. నేను పుట్టి పెరిగింది సిరిసిల్లలో. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఆ సాంచెల మోతలో పెరిగినదాన్ని కాబట్టి టైపు మిషన్ మోత నాకు మోతే కాదు. గల్ఫుకు పోయేవాళ్ల కాగితాలు, పింఛను దరఖాస్తులు, భూమి తగాదాల ఫిర్యాదులు ఏవి తెచ్చినా కొట్టి ఇచ్చేదాన్ని. ఏం కొడుతున్నానో పట్టించుకోకుండా కొట్టడం ఈ పనిలో ముందు నేర్చుకునే విద్య.

మా మేనత్త ఊరు జగిత్యాల వైపు ఒక గుట్ట పక్కన. మామ పోయాక పసుపు, మక్కజొన్న ఒక్కతే పండించుకునేది. ఒక చలికాలం ఆ గుట్ట మీదికి డ్రిల్లింగు మిషన్లు వచ్చాయి. లోపల రాగి ఉందన్నారు. భూమిలోంచి తీసిన రాతి కడ్డీలను చెరుకు ముక్కల్లా రేకు పెట్టెల్లో పేర్చేవాళ్లు. కొన్ని ముక్కల మీద పచ్చటి చార ఉండేది. గని భూమి లోపలే ఉంటుందనీ, పైన పొలాలు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉంటాయనీ వాళ్లు చెబితే అత్త నమ్మింది. ఎండలో పని చేస్తున్నారని చల్ల కూడా పోసింది.

ఎండలు ముదరకముందే ఆమె బావిలో నీళ్లు దిగిపోయాయి. ఒక రోజు పొద్దున్నే షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"బిడ్డా, బాయి ఎండుడు నాకు కొత్త గాదు. కని గిట్ల ఎన్నడు ఎండలే. మొన్న ఉన్నయ్, నిన్న లెవ్వు. అడుగున బూడిద లెక్క బురద తేలింది. గుట్ట మీద బోరు ఏసినంక అయింది గిది. రాయి, కలెక్టరు సారుకు రాయి."

రాశాను. అత్త వేలిముద్ర వేసి జగిత్యాల పోయి ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి వచ్చింది. జవాబు రాలేదు.

ఆ తర్వాత నెలకు అనుకుంటా, చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకున్న ఒకాయన షాపుకు వచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చానన్నాడు. ఆ కంపెనీకి పర్యావరణ నివేదిక రాసేవాళ్ల మనిషి. గనికి అనుమతి ఇచ్చే ముందు ప్రజల అభిప్రాయం వినాలని కొత్త నిబంధన వచ్చిందట. అందుకని నివేదిక సారాంశం తెలుగులో కావాలి, సైక్లోస్టైల్ కాపీలు తీయడానికి స్టెన్సిల్ కోయాలి. చేతిరాత కాగితాలు నా ముందు పెట్టాడు.

నాలుగో పేజీలో ఉంది ఆ వాక్యం. "ప్రతిపాదిత ప్రాంతానికి సమీపంలో సాగుకు ఉపయోగించే బావులు లేవు."

నా వేళ్లు ఆగిపోయాయి.

"సార్, ఇక్కడ బావులున్నాయి. మా అత్తదే ఒకటుంది. గుట్ట కిందే."

ఆయన విసుక్కోలేదు. అదే నాకు ఇంకా గుర్తు. నవ్వుతూ, "మేడమ్, సర్వే ఎప్పుడో అయిపోయింది. మా వాళ్లు మ్యాపు చూసే రాశారు. మీరు టైపు చేయండి" అన్నాడు.

"మ్యాపులో లేకపోతే బావి లేనట్టేనా?"

"అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికే కదా సభ పెడుతున్నది. అక్కడ చెప్పమనండి."

ఆ మాట నాకు న్యాయంగానే అనిపించింది. అనిపించేలా నేనే చేసుకున్నానేమో. ఆ వాక్యం కొట్టాను. స్టెన్సిల్ మీద అక్షరాలు బాగా తెగాలని కొంచెం గట్టిగానే కొట్టాను.

ఆ ఆదివారం నోటుబుక్కు పట్టుకుని అత్త ఊరు పోయాను. ఇద్దరం గుట్ట చుట్టూ తిరిగాం. ఏ బావి ఎవరిది, తాడు వేస్తే నీళ్లు ఎంత లోతులో తగులుతున్నాయి, కిందటేడు ఏం పండింది, అన్నీ రాసుకున్నాను, గుట్ట పటం కూడా గీశాను. సాయంత్రానికి పదిహేడు బావులు తేలాయి, అన్నీ నీళ్లు దిగిపోయినవే. పదిహేడు! నాకు కోపంతో పాటు ఒకరకం సంతోషం కూడా వేసింది. కాగితానికి కాగితంతోనే జవాబు చెప్పొచ్చని.

తిరుగు బస్సును దారిలో పోలీసులు ఆపారు. అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, ఆ రోజుల్లో అది మామూలే. సంచులు వెతికారు. నా నోటుబుక్కు తెరిచిన జవాను దాన్ని ఎస్సైకి ఇచ్చాడు. నన్ను కిందికి దింపారు.

"ఊళ్లె ఇండ్ల పేర్లు, బాయిల లెక్క, గుట్ట పటం. ఎవలకిస్తవ్ ఇది?" అన్నాడు ఎస్సై.

"కలెక్టర్ గారికి సార్. గని సభ కోసం. కోరుట్లలో టైపు షాపు నాది."

"టైపు కొట్టుకునేదానికి గని సభ ఎందుకు? అడివిల నీ ఎన్క ఎవలున్నరు?"

నా వెనక ఎవరూ లేరని ఎన్ని రకాలుగా చెప్పినా అదే ప్రశ్న. చివరికి బస్సులోని ఆడవాళ్లు గట్టిగా అరిస్తే నన్ను ఎక్కనిచ్చారు. నోటుబుక్కు ఇవ్వలేదు.

ఆ వారంలోనే అత్త కబురు పంపింది. పట్టపగలు ఇద్దరు అన్నలు ఊళ్లోకి వచ్చి చావడి దగ్గర మాట్లాడి పోయారట. ఆ సభ సర్కారు నాటకమనీ, ఎవరూ పోవద్దనీ చెప్పారట. మర్నాడు పోలీసులు వచ్చి, గుంపుగా జగిత్యాల వస్తే అందర్నీ స్టేషన్లో కూర్చోబెడతామన్నారట. పొమ్మన్నవాడు ఒక్కడూ లేడు. బావి పోయిన పదిహేడు ఇళ్లలో పదహారు ఇళ్లు ఆగిపోయాయి. నేను వాళ్లను తప్పు పట్టలేదు, ఇప్పటికీ పట్టను.

అత్త మాత్రం సభ రోజు పొద్దున కోరుట్లకే వచ్చి నన్ను తోలుకుపోయింది. "నేను ఎవలి దిక్కు పోత లేను. నా బాయి దిక్కు పోతున్న" అంది.

జగిత్యాలలో సభ జరిగిన హాలు నిండా జనమే. గుట్ట పక్క ఊళ్ల మొహాలు మాత్రం లేవు. లారీలు నడిపేవాళ్లు, కాంట్రాక్టు పనులు చేసేవాళ్లు, ఉద్యోగాలొస్తాయని ఎవరో తెచ్చిన కుర్రాళ్లు. ఒక్కొక్కరే లేచి గని రావాలన్నారు. వాళ్లకూ పని కావాలి, అది అబద్ధం కాదు. అత్త వంతు వచ్చేసరికి భోజనాల వేళ దాటింది.

ఆమె మైకు పట్టుకోలేదు. "సారూ, నా బాయిల నీళ్లు ఎటు పోయినయ్?" అని అడిగింది.

కంపెనీ ఇంజినీరు లేచి ఓపిగ్గా చెప్పాడు. "అమ్మా, మేం తవ్వేది చాలా లోతున. మీ బావి పైపైన. రెండింటికీ సంబంధం లేదు."

"నీళ్లు కిందికే గద సారూ పోయేది? పైకి పోతయా?"

హాల్లో నవ్వారు. ఇంజినీరు కూడా నవ్వి, గనిలోకి ఊరే నీటిని మోటర్లతో తోడి, శుద్ధి చేసి వాగులోకి వదులుతామన్నాడు.

"గా ఊరే నీళ్లు ఎవలయి? పదిహేడు బాయిలయి గాదా? మాయి మీరు తోడుకొని, మల్ల మాకే ఇడుస్తమంటున్నరు. అడుగున తేలిన బురద సుత కలుపుతరా అండ్ల?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బల్ల దగ్గర కూర్చున్న అధికారి గడియారం చూసుకుని, "నమోదు చేసుకున్నాం, కూర్చో" అన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో అత్తకు జ్వరం వచ్చినట్టు ఒళ్లు వేడిగా ఉంది. ఆమె చేతిలో అక్కడ పంచిన సారాంశం ప్రతి ఉంది. నాలుగో పేజీ నేనే చదివి వినిపించాను. అది కొట్టింది నేనేనని కూడా చెప్పాను. అప్పుడెందుకు చెప్పానో తెలియదు. దాచలేకపోయాను, అంతే.

నా చేతిలోంచి ఆ ప్రతి తీసుకుని సంచిలో వేసుకుంది. దిగేముందు అంది: "తెల్వనోడు రాసిండు, పోనియ్. తెలిసి నువ్వెట్ల కొట్టినవ్ బిడ్డా?"

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆమె నా గడప తొక్కలేదు. మా ఇంట్లో పెళ్లికి వచ్చింది, తిన్నది, నాతో మాట్లాడకుండా పోయింది.

పెన్నులాయన మాత్రం వచ్చాడు, సభ నివేదికతో. అత్త మాటల దగ్గర "ఒక మహిళ నీటి గురించి సందేహం వెలిబుచ్చగా, నివృత్తి చేయడమైనది" అని ఉంది. నేను ఆ వాక్యం వదిలేసి, ఆమె అడిగినవి అడిగినట్టు కొట్టి ఇచ్చాను. ఆయన అక్కడే నిలబడి చదివి, ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని, మిగతా కాగితాలు తీసుకుని పోయాడు. ఇంకోచోట కొట్టించి ఉంటాడు. అనుమతి వచ్చిందని తర్వాత పేపర్లో చిన్న వార్త పడింది. అభ్యంతరాలేవీ రాలేదని అందులో ఉంది.

ఇంత చేసి, గని రాలేదు. ఒక వానాకాలం తర్వాత మిషన్లు దిగిపోయాయి. అన్నలకు భయపడి పోయారని కొందరు, రాగి ధర పడిపోయిందని కొందరు, అసలు లోపల అంత రాగే లేదని కొందరు. మాకు ఎవరూ చెప్పలేదు. రావడానికి మమ్మల్ని అడిగినట్టు నటించారు, పోవడానికి ఆ నటన కూడా అక్కర్లేకపోయింది. ఇక గొడవ లేదు కదా అని అందరూ అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. గుట్ట మీద బోరు రంధ్రాలు తెరిచే ఉన్నాయి. బావుల్లో నీళ్లు లేవు.

అత్త పసుపు మానేసింది. వాన మీద ఆధారపడి మక్క వేసేది, మిగతా కాలం బీడీలు చుట్టేది.

చివరికి ఒక రోజు తనే షాపుకొచ్చింది. పలకరింపులేమీ లేవు.

"గా గుట్ట మీది బొక్కలు మూయమని దరఖాస్తు కొట్టాలె, నీళ్లు అండ్లకే దిగుతున్నయ్. నేను చెప్తె చెప్పినట్ల కొట్టు. ఒక్క ముక్క సుత నీది కలుపకు."

ఆమె చెప్పింది, నేను కొట్టాను. బాయి అంటే బాయి అనే, బొక్క అంటే బొక్క అనే. మధ్యలో ఒకసారి ఆపించి, మళ్లీ చదవమంది. విని తలూపింది.

దానికీ జవాబు రాలేదు. ఇంకో వేసవికి ఊరివాళ్లే గుట్టెక్కి, రాళ్లూ మట్టీ కూరి, పైన సిమెంటు పోసి ఆ రంధ్రాలను మూశారు. ఆ రోజు నేనూ తట్ట మోశాను. అత్త నా తట్టలో మట్టి ఎత్తిపోస్తూ, "నిండ పొయ్యనా, మొయ్యగలవా?" అని అడిగింది. పొయ్యమన్నాను.

బావిలోకి నీళ్లు మాత్రం మునుపటిలా మళ్లీ రాలేదు.