పోదాం పదండి

బేరాల బావ దగ్గరుండి కొనిపించిన కొత్త కార్లు పదకొండు. సొంతానికి ఆయనకున్నది ఒక పాత స్కూటరు, అదీ మూడో కిక్కుకి గానీ పలకదు. ఆ పేరు పెట్టింది ఆయన బావమరిది, మొదట్లో వెక్కిరింపుగానే. తర్వాత ఒకసారి ఫ్రిజ్ కొనడానికి బావని వెంటబెట్టుకెళ్ళి, చివరికి తేలిన ధర చూసి నోరు వెళ్ళబెట్టాడు. ఆనాటి నుంచి వెక్కిరింపు కాస్తా బిరుదైపోయింది. వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలిచేది. పక్కింటి ఐదేళ్ళ పిల్ల కూడా వరస చూసుకోకుండా బేరాల బావా అనే పిలిచేది.

ఉద్యోగం బస్సుల వర్క్‌షాపులో, స్టోర్సులో. బేరింగులు, టైర్లు, పీపాల కొద్దీ గ్రీజు, అన్నీ ఆయన చేతి మీదుగానే లోపలికి రావాలి. అమ్మడానికి వచ్చినవాడు ధర చెప్పీ చెప్పగానే ఈయన పెదవి విరిచేవాడు. అలా ముప్ఫై ఏళ్ళు విరిచిన పెదవి మళ్ళీ సర్దుకోలేదు. పాలవాడి దగ్గరా అదే పెదవి, మంగలి దగ్గరా అదే పెదవి. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఒక పన్ను పీకడానికి ఇంతయితే రెండు పీకించుకుంటే ఎంత అని అడిగిన ఘనుడు. రెండో పన్ను బాగానే ఉంది, అది వేరే సంగతి.

కారు బేరానికి మాత్రం ఆయన దగ్గర ఒక శాస్త్రమే ఉండేది. నెలలో ఆఖరి రెండు రోజుల్లో తప్ప షోరూము గడప తొక్కనిచ్చేవాడు కాదు. అప్పుడైతే ఆ నెలకి ఇన్ని బండ్లు అమ్మి తీరాలన్న తొందర వాళ్ళకుంటుంది, తొందరున్నవాడి దగ్గరే మన మాట చెల్లుతుంది అనేవాడు. గడ్డం గీసుకోకుండా, అరిగిన చెప్పులతో వెళ్ళాలి. కొనదలచిన కారు వైపు కన్నెత్తి చూడకూడదు, దాని పక్కనున్నదాన్ని చూడాలి. ముందుగా బానెట్ మీద వేలితో కొట్టి, "ఏంటండీ ఇది, ఖాళీ డబ్బా మోగినట్టు మోగుతోంది?" అనాలి. తర్వాత తలుపు తీసి, అంచున అంటించిన రేకు మీద ఆ బండి ఏ నెలలో తయారైందో చదవాలి. నెలల తరబడి ఎండకి ఎండి వానకి తడిసిన బండైతే ఇక ఆ షోరూము వాడి పని అయిపోయినట్టే. బిల్లులో హ్యాండ్లింగ్ చార్జీ అని ఒకటి రాస్తారు. "కొనేది నేను, తోలుకెళ్ళేది నేను, మధ్యలో మీరు హ్యాండిల్ చేసిందేమిటి?" అని ఆయన అడిగితే నీళ్ళు నమలని మేనేజరు లేడు. ఆఖరు ధర చెప్పమనేవాడు. వాళ్ళు చెప్పాక, "ఇది మొదటి ఆఖరు. అసలు ఆఖరు చెప్పండి" అనేవాడు.

ఇంత చేసినా దిగిరాకపోతే ఆఖరి అస్త్రం. అది ఆయన భార్య. బేరం ఎవరిదైనా, వస్తువు ఏదైనా, ఆవిడ వెంట ఉండాల్సిందే. వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగుతూ ఓ మూల కూర్చోవాలి. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడంటే అది సైగ. వెంటనే లేచి నిలబడి, "పోదాం పదండి, మనకి కుదిరేలా లేదు" అనాలి. ఇద్దరూ గుమ్మం వైపు నడవాలి. "వెనక్కి చూడకు. చూశావంటే బేరం చచ్చినట్టే" అని ఆయన పెదవి కదపకుండా చెప్పేవాడు. గుమ్మం దాటేలోపో, వీధి మలుపు తిరిగేలోపో, ఎవడో ఒకడు రొప్పుకుంటూ వచ్చి వెనక్కి పిలిచేవాడు. బీరువా, మంచాలు, ఫ్యాన్లు, పదకొండు కార్లు, అన్నీ అలా వెనక్కి పిలిపించుకుని కొన్నవే.

ఒక్కటి తప్పింది. పెళ్ళయిన నాలుగో ఏట కుట్టుమిషను కొనడానికి వెళ్ళారు. అది ఆవిడకే. ఆవిడకి కుట్టుపని వచ్చు, ఇంటిపట్టున ఉండి నలుగురికీ బట్టలు కుట్టిపెట్టాలని ఆశ. సైగ అయింది, ఆవిడ లేచింది, ఇద్దరూ మలుపు దాకా నడిచారు. ఎవరూ పిలవలేదు. "వచ్చే వారానికి వాడే దిగొస్తాడు చూడు" అన్నాడాయన. తనంతట తాను మళ్ళీ ఆ కొట్టు మెట్లెక్కడానికి అహం అడ్డొచ్చింది. వారాలు ఏళ్ళయ్యాయి. దీన్ని ఆయన నలుగురిలో నవ్వుతూ చెప్పుకునేవాడు, జీవితం మొత్తం మీద తనకి ఒక్క బేరమే పోయిందని. అందరూ నవ్వేవారు. ఆవిడ కూడా నవ్వేదనే ఆయన నమ్మకం.

రిటైరయ్యాక పిలుపులు తగ్గాయి. ఎవడి ఫోను వాడి చేతిలో ఉంది, ధరలన్నీ అందులోనే కనిపిస్తాయట. ఏడాదిన్నరగా బేరం పేరు చెప్పి ఒక్కరూ ఆయన ఇంటి తలుపు తట్టలేదు. గడ్డం పెరిగితే ఇదివరకు అదో ఎత్తుగడ. ఇప్పుడు అది వట్టి గడ్డం. అలాంటి రోజుల్లో ఒకసారి భోజనాల దగ్గర కూతురు, "నాన్నా, కారు కొందామనుకుంటున్నా" అంది.

కూతురు ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. కారు కోసం ఆరేళ్ళుగా కూడబెట్టుకుంది. ఆ మాట చెవిన పడగానే సంతోషంతో ఆయనకి ముద్ద దిగలేదు. ఊళ్ళో వాళ్ళకి పదకొండు కొనిపించినవాడు సొంత ఇంటికి మొదటిది తేబోతున్నాడు. ఈ బేరం ఎలా ఉండాలంటే, ఫోనుల్లో చూసుకునేవాళ్ళంతా మళ్ళీ వచ్చి తన గుమ్మం ముందు నిలబడాలి. తనింకా పనికొచ్చే మనిషేనని ఇంట్లోవాళ్ళకి తెలియాలి. వాళ్ళ సంగతెలా ఉన్నా, ముందు తనకి తెలియాలి.

"ఏ కారో చెప్పు తల్లీ, మిగతాదంతా నేను చూసుకుంటా. నెలాఖరు దాకా మాత్రం ఆగు."

"ఇంకా టైముందిలే నాన్నా" అంటూ కూతురు తల్లి వైపు చూసింది. ఆ చూపు ఆయన చూశాడు గానీ పట్టించుకోలేదు.

మర్నాటి నుంచి ఆయనకి తీరికే లేదు. ఊళ్ళో ఉన్న మూడు షోరూములూ తిరిగాడు. ఏ యార్డులో ఎన్ని బండ్లు ఆగిపోయి ఉన్నాయో వాచ్‌మన్లతో కబుర్లు చెప్పి లాగాడు. ఇన్సూరెన్స్ బయట ఎంతకి వస్తుందో కనుక్కున్నాడు. పదేళ్ళు తగ్గినట్టు హుషారుగా ఉన్నాడు. పద్నాలుగో తేదీ పొద్దున్న, నెలాఖరుకి ఇంకా రెండు వారాలున్నా, ముందుగా కాస్త బెదరగొట్టి వద్దామని పెద్ద షోరూముకి వెళ్ళాడు.

అక్కడి మేనేజరు పాతకాపు. ఈయన చేతిలో మూడు బేరాలు ఓడినవాడు, ఈయన్ని చూస్తేనే మొహం మాడ్చుకునేవాడు. ఆ రోజు మాత్రం ఎదురొచ్చి కుర్చీ జరిపాడు.

"రండి సార్, రండి. కంగ్రాచ్యులేషన్స్."

"దేనికి?"

"అదేంటి సార్, అమ్మాయిగారు నిన్ననే డబ్బు కట్టేసి వెళ్ళారు కదా. గురువారం డెలివరీ."

కూర్చోబోతున్నవాడు సగంలో ఆగిపోయాడు. "ఎంతకి?" నోట్లోంచి ముందు ఆ మాటే వచ్చింది.

మేనేజరు చెప్పాడు. రాసిన ధర రాసినట్టే. హ్యాండ్లింగ్ చార్జీతో సహా. కాళ్ళ కింద వేసే మ్యాట్లకి కూడా విడిగా పట్టారు. పిల్ల మూడు నెలల జీతం ఉత్తిపుణ్యానికి పోయిందని ఆయన మనసు దానంతటదే లెక్క తేల్చేసింది.

"చిన్నపిల్ల, దానికేం తెలుసు" అన్నాడు. "మొహమాటం. మీరైనా చూడాల్సింది."

"అమ్మగారు కూడా వచ్చారు కదా సార్. నేనే అన్నాను, సార్‌గారి అమ్మాయి కాబట్టి ఎంతో కొంత తగ్గిస్తానని. అమ్మగారే వద్దన్నారు."

"వద్దందా?"

"‘తగ్గించొద్దు బాబూ, చెప్పిన ధరకే ఇయ్యి’ అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు సార్. కాగితాల పనంతా అయ్యేదాకా కూర్చుని, కాఫీ తాగి, నిదానంగా వెళ్ళారు."

మేనేజరు మొహంలో ఎగతాళి ఉందేమోనని బావ వెతికాడు. లేదు. జాలి ఉంది. ఎగతాళే అయ్యుంటే బాగుండేదనిపించింది.

బయట స్కూటరు ఆరు కిక్కులకి గానీ పలకలేదు. దారి పొడుగునా ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతూనే ఉంది. ఇంటికొచ్చేసరికి భార్య ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మడతలు పెడుతోంది.

"వాడు తగ్గిస్తానంటే వద్దన్నావా?"

ఎవరు చెప్పారని ఆవిడ అడగలేదు. చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసింది. "అన్నాను."

"మతుండే అన్నావా? అడగడానికి నోరు రాలేదంటే అర్థం చేసుకుంటా. ఇస్తానన్నది వద్దనడమేమిటి? ఊరందరికీ నేను కావాలి, నా ఇంట్లోవాళ్ళకి మాత్రం... పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్లేదు."

"మీకు చెప్పొద్దన్నది నేనే. అమ్మాయి తప్పేం లేదు."

"అదే, ఎందుకని?"

ఆవిడ బట్టలు పక్కకి జరిపి మంచం మీద కూర్చుంది. "కొట్లో కూర్చున్నదాన్ని, వస్తువు కొనేదాకా కూర్చునే ఉండాలనిపించింది. ఒక్కసారైనా."

ఆయనకి అర్థం కాలేదు. ఆ అర్థం కాకపోవడం ఆవిడకి కనిపించింది.

"ముప్ఫై ఏళ్ళు లేచానండీ. మీరు కళ్ళజోడు తీసినప్పుడల్లా లేచాను. మనసుపడ్డ వస్తువు ముందు నుంచి నచ్చలేదన్నట్టు లేచాను. కొట్లో పనిచేసే ఆడపిల్లలు వెనకాల కిసుక్కుమంటుంటే, అది వింటూ నడిచాను. నిన్న అతను తగ్గిస్తానన్నాడు చూశారూ, నాకు భయమేసింది. మళ్ళీ ఎక్కడ లేవాల్సొస్తుందోనని. అందుకే వద్దన్నాను."

"అదంతా ఎవరి కోసం చేశాను? ఇంటి కోసం కాదూ?"

"కుట్టుమిషను రోజు నేను వెనక్కి చూశాను" అంది ఆవిడ. "మీరు వద్దన్నారు, అయినా చూశాను. కొట్టాయన మనవైపు చూడనే లేదు. మిషను మీద గుడ్డ కప్పేస్తున్నాడు. ఇంక పిలవడని నాకు ఆ మలుపులోనే తెలుసు. మీరు వచ్చే వారం, వచ్చే వారం అంటుంటే ఊరుకున్నాను."

"ఆ మాట అప్పుడే చెప్పుంటే..."

"చెబితే వెళ్ళేవారా?"

ఎదుటివాడి చేత నీళ్ళు నమిలించడమే గానీ తాను నమిలి ఎరగనివాడు. చేతిలోని స్కూటరు తాళం మేకుకి తగిలించాడు. ఆవిడ ఆయన చొక్కా మడతపెట్టి దొంతర మీద పెట్టింది.

గురువారం సాయంత్రం కారు ఇంటి ముందు ఆగింది. కూతురే తోలుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది పిల్లకి. చుట్టుపక్కలవాళ్ళు ఇద్దరు ముగ్గురు గేట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. "ఎంతకి కొట్టావు బావా?" అని ఎదురింటాయన అరిచాడు. బావ వినపడనట్టు కారు తలుపు తీసి, అలవాటు కొద్దీ అంచున రేకు చదివాడు. తొమ్మిది నెలల కిందటి బండి. ఆ ఒక్క రేకుతో ఎంత దించొచ్చో ఆయనకి తెలుసు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. పిల్ల మొహం చూసి మింగేశాడు. బతుకులో మొదటిసారి మింగాడు. ఇంత పెద్ద మాట మింగినందుకు బదులుగా తనకేదో దక్కాలని కూడా అనిపించింది.

భార్య అప్పటికే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

"ముందు సీట్లో కూర్చో నాన్నా, అలా తిరిగొద్దాం" అంది కూతురు.

ఎక్కాలనే ఉంది. ఒక అడుగు వేశాడు కూడా. కానీ మొదటి మాటకే ఒప్పుకోవడం ఆయన ఒంట్లో లేదు. మొదటిసారి కాదనాలి. రెండోసారి బతిమాలతారు. మూడోసారి చెయ్యి పట్టుకుని ఎక్కిస్తారు. అప్పుడు ఎక్కితే, జరిగిన అవమానానికి కాస్త మందు పూసినట్టుంటుంది.

"నేనెందుకులే. మీరు కొనుక్కున్నారు, మీరే తిరగండి."

"అలా అనకు నాన్నా, రా."

ఇది రెండోది. బేరం సవ్యంగానే నడుస్తోంది. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. తనకి తెలియకుండానే కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

వెనక సీట్లో నుంచి భార్య అది చూసింది. చూసి, కదల్లేదు. ఇంకాస్త వెనక్కి జారగిలబడి, పక్కన ఖాళీ సీటు మీద చెయ్యి ఆనించుకుంది.

"నాన్న రారట. పోదాం పదమ్మా" అంది.

కారు కదిలింది. ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. మలుపు తిరిగేలోపు ఆపుతారు. ఆయనకి తెలియనిదా, ఇలాంటివి ఎన్ని చూడలేదు. మలుపు దగ్గర కారు వెనక ఎర్రదీపాలు వెలిగాయి. గబగబా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, రెండడుగులు ముందుకేశాడు. పక్క దీపం నాలుగుసార్లు కొట్టుకుంది, కారు మలుపు తిరిగింది. వెనక అద్దంలోంచి భార్య తల ఒక్క క్షణం కనిపించింది. ఆవిడ వెనక్కి చూడలేదు.