దంతె పడిన వాలు

“…అద్దంలా ఊడ్చి పెట్టాను. నా చెట్ల మొదళ్లు ఎప్పుడైనా చెత్తగా ఉన్నాయా? అగ్గి వచ్చిపోయిందని శుభ్రం మానేస్తామా?” అంటున్నాడు ఆర్గిరిస్ బాబాయి, బాగాలేని మోకాలిని స్టూలు మీద చాపుకుని.

“చెప్పు, అమ్మాయికి పూర్తిగా చెప్పు,” అంది అసిమీనా పిన్ని, కాఫీ గిన్నె దించుతూ. “నేను చెబితే మొగుణ్ణి ఆడిపోసుకుంటోంది అంటావు.”

“నీ నోటికి అడ్డం ఎవరొచ్చారు? నువ్వే చెప్పు.”

పిన్ని నా ముందు కాఫీ పెట్టి, పక్కన అత్తిపండు మురబ్బా పెట్టింది. సంగతి నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. అయినా బాబాయి చెబుతుంటే వినాలనిపిస్తుంది.

ఎవియా దీవికి ఉత్తరాన మా కొండలన్నీ పైన్ చెట్లవే. బాబాయి వాటికి గాటు పెట్టి బంక తీసి బతికాడు. బాడిశతో బెరడు చెక్కడం, గాటు కింద సంచీ కట్టడం, వేసవంతా కారినదాన్ని దించుకోవడం. వాళ్ల నాన్న గాటు పెట్టిన చెట్లే ఈయన చేతికీ వచ్చాయి. బంక కారే మాను పక్కన నిప్పురవ్వ పడితే దివిటీలా అంటుకుంటుంది. అందుకని ఎండలు ముదరకముందే ప్రతి చెట్టు మొదలూ దంతెతో గీకి, రాలిన సూదాకులు ఎత్తేయడం ఈ పనివాళ్ల అలవాటు. మొదలు మురికిగా ఉంటే కాఫీ దుకాణంలో తలెత్తుకోలేరు.

ముందటేడు ఆగస్టు మంట కొండలను నాకేసింది. బాబాయి చెట్లున్న వాలు ఆ మంట అంచున ఉండటంతో అక్కడి చెట్లు బూడిద కాలేదు, సెగకు మాడి నిలబడే చచ్చిపోయాయి. తర్వాత ఎర్రబారిన ఆకులు బూడిద మీద మందంగా రాలాయి. కాయలు వేడికి పగిలి విత్తనాలు విదిల్చాయి.

“అడవి ఆఫీసు పిల్ల చెప్పిందిగా, ఆ ఆకుల జోలికి పోవద్దు తాతా అని,” పిన్ని అందుకుంది.

“చెప్పింది. తలూపాను.”

“ఊపి, పొద్దున్నే దంతె భుజాన వేసుకుని పోయాడు.”

“ఏం చేయను మరి?” బాబాయి గొంతు తగ్గింది. “చెట్లన్నీ నల్లగా నిలబడి చూస్తున్నాయి. ఏదో ఒకటి చేయాలిగా వాటికి. నాకు చేతనైంది అదొక్కటే.”

వాలు మధ్యలో పారే వాగుకు కుడి పక్కంతా ఊడ్చాడు. ఎడమ పక్కకు దాటబోతే మోకాలు మొరాయించింది. ఇంటికొచ్చి పడుకున్నాడు. ఆ వారంలోనే వాన పట్టుకుంది. కాలిన నేల నీళ్లు తాగదు. మైనం గుడ్డ మీద పోసినట్టు పైపైనే జారిపోతాయి. కుడి పక్క నుంచి బూడిద, నల్లమట్టి, విత్తనాలు అన్నీ సముద్రంలోకి దిగిపోయాయి. మా రేవులో నీళ్లు కాఫీ రంగుకు తిరిగాయి. ఎడమ పక్క మాత్రం రాలిన ఆకులు మట్టిని పట్టుకుని ఉంచాయి. వసంతం వచ్చేసరికి అక్కడ పైన్ మొలకలు నారుమడిలా లేచాయి.

“కాలు నొప్పి ఇంకో వారం ముందొచ్చుంటే బాగుండేది,” అన్నాడు బాబాయి. “ఇన్నేళ్లలో నా ఒంట్లో తెలివిగా నడుచుకున్నది ఆ మోకాలొక్కటే.”

పిన్ని నవ్వాపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. బాబాయి నవ్వలేదు. కిటికీలోంచి కొండకేసి చూస్తున్నాడు. అక్కడి నుంచి కుడి పక్క వాలు కనబడదు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆయన పైకి వెళ్లలేదు. వెళ్లినవాళ్లను అడిగితే మాట మార్చేస్తారు.

“మాను గాటుకు లావెక్కాలంటే ముప్ఫయ్యేళ్లు పైమాట,” అన్నాడు. “నేను గాటు పెట్టనులే. ఆ ఆశ లేదు. మధ్యాహ్నప్పూట, గాలి లేనప్పుడు, ఆ బంక వాసన గుమ్మం దాకా వచ్చేది. అన్నం తింటుంటే గిన్నెలోకే వచ్చేది.”

“వాసనే కావాలంటే రెత్సీనా వైను ఉంది, అందులో పైన్ బంకేగా. పోయమంటావా?”

“సీసాలో ఉన్నది పీనుగు వాసన. పోయి నీ పని చూసుకో.”

పిన్ని పోలేదు. ఆయన భుజం మీది నూలుపోగు తీసి, చెయ్యి అక్కడే ఉంచింది.

నేను లేచాను. నా తేనెటీగల పెట్టెలు బండిలో ఎండకు ఉన్నాయి. కాలిన చోట లదానియా పొదలు గులాబీ రంగు పూలతో విరగబూశాయని విని, పెట్టెలను వాగుకు ఎడమ పక్క దించుదామని బయల్దేరాను.

“అమ్మాయ్,” బాబాయి గుమ్మం దాకా కర్ర ఊతతో వచ్చాడు. “పెట్టెలు దించాక వాగు దాటి కుడి పక్కకు పో. రాళ్ల మీద అడుగేసి నడువు, మట్టి మీద వేయకు. అక్కడ లదానియా ఒక్క పొదైనా లేచి ఉంటే దాని నీడన వంగి చూడు. పైన్ పిల్ల ఉంటే పీకద్దు. కొస ఆకు వేళ్ల మధ్య నలుపు, అంతే.”

“ఉందో లేదో వచ్చి చెబుతాను బాబాయ్.”

“చెప్పద్దు. నువ్వూ నా ముఖం చూసి అబద్ధమాడతావు,” అన్నాడు. “చేతులు కడుక్కోకుండా రా.”