లూపు దగ్గర శబ్దం లేదు

చివరి స్టేషన్లో జనమంతా దిగిపోయాక రైలు ఖాళీగా ముందుకి సాగుతుంది. రెండు వందల గజాలు పోయి, ఎడమకి వంగి, ఒక చుట్టు చుట్టి, వచ్చిన మొహంతోనే అవతలి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడుతుంది. ప్రపంచంలో చాలా నగరాల్లో మెట్రో లైన్ల కొసన ఇలాంటి లూపులున్నాయి. లేనిచోట డ్రైవరే సంచీ భుజాన వేసుకుని రైలు ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాడు. ఉన్నచోట డ్రైవరు కుర్చీలోంచి లేవడు, రైలే తిరుగుతుంది. డ్రైవరుకి సుఖం, చక్రానికి కష్టం. ఇనుప చక్రం తిన్నగా పోవడానికి పుట్టింది. అంత చిన్న వంపులో తిప్పితే దాని అంచు పట్టాని ఒరుసుకుంటుంది. ఒరుసుకుంటే అరుస్తుంది. ఆ అరుపు విన్నవాడికి పళ్ళు జివ్వుమంటాయి.

ఆ అరుపు పుట్టకుండా చూడటానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. యాభై రెండేళ్ళవాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. డిపోలో అందరూ అతన్ని జిడ్డు బాబాయ్ అంటారు. చేతులకి ఎలాగూ జిడ్డే. మాటలో కూడా అంతే, పట్టుకున్న సంగతి ఒక పట్టాన వదలడు.

లూపు మధ్యలో ఒక రేకుల గది ఉంది. అందులో గ్రీజు డబ్బాలు, పొట్టి పిడి బ్రష్షులు, కాలు విరిగిన కుర్చీ, మేకుకి వేలాడే ఒక పుస్తకం. రైలుకీ రైలుకీ మధ్య పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లో వంగి, బయటి పట్టా లోపలి చెంపకి గ్రీజు పూసుకుంటూ పోవాలి. పట్టా పైన చుక్క పడకూడదు, పడితే బ్రేకు జారుతుంది. రైలు వస్తుంటే పక్కకి తప్పుకుని, అది పోయేదాకా చెవి ఒగ్గి వినాలి. సాయంత్రం పుస్తకంలో ఒక వాక్యం రాయాలి, శబ్దం ఉందో లేదో, ఉంటే ఎక్కడో.

గత అయిదు నెలలుగా ఆ పుస్తకంలో ఒకటే వాక్యం. "లూపు దగ్గర శబ్దం లేదు."

ఆ వాక్యం రాసేటప్పుడు అతని చెయ్యి కాస్త ఆడంబరంగా కదిలేది. ఊరికే రాలేదు మరి అది. రెండేళ్ళుగా గ్రీజులో గ్రాఫైట్ పొడి పాళ్ళు మారుస్తూ వచ్చాడు. మార్చినకొద్దీ అరుపు తగ్గుతూ వచ్చింది. పోయిన చలికాలంలో మిశ్రమాన్ని ముద్దలా చిక్కగా చేశాడు. అంతే, అరుపు పూర్తిగా ఆగిపోయింది. ఇంజినీర్లకి చేతకాని పని తన చేతి మీద అయిందని అతనికి కొండంత గర్వం. లూపు దగ్గరికి రాగానే డ్రైవర్లు కిటికీ అద్దాలు ఎత్తేసేవాళ్ళు. చిక్కటి గ్రీజు ఎక్కడ మీద పడుతుందోనని భయపడుతున్నారనుకున్నాడు. ఒక డ్రైవరైతే, "బాబాయ్, ఈ మధ్య నీ లూపు బాగా పాడుతోందే!" అంది. మెచ్చుకుందనుకుని ఆ పిల్లకి టీ ఇప్పించాడు.

ఇంట్లో మాత్రం అలారం గడియారాలతో గొడవగా ఉండేది.

"మోగి మోగి దాని గొంతు పోయింది. ఇంకా పడుకున్నారేంటండీ?" అనేది భార్య.

"మోగితే లేవనా? ఇదీ చెడిపోయింది. అన్నీ నాసిరకం సరుకు."

"ఇది మూడోది. లోకంలో ఉన్న గడియారాలన్నీ కలిసి మీ మీదే పగబట్టాయా?"

అతను మూడోదాన్ని కూడా తీసుకెళ్ళి బీరువా మీద ఉన్న రెండింటి పక్కన పెట్టాడు.

లూపు కంచెకి ఆనుకుని నాలుగంతస్తుల ఇల్లొకటి ఉంది. మూడో అంతస్తు వరండాలో కుట్టుమిషను పెట్టుకుని ఒకావిడ పొద్దున్నుంచి సాయంత్రందాకా బట్టలు కుడుతుంది. మిగతా వాటాల వాళ్ళు పొద్దున్నే పనులకి పోతారు కాబట్టి లూపుకి రోజంతా పొరుగు ఆవిడొక్కతే. అతను టీకి పోతుంటే పైనించి కేక వేసేది.

"అన్నయ్యగారూ! ఆ గ్రీజు పట్టాకి రాస్తున్నారా, చెవుల్లో పోసుకుంటున్నారా?"

"పట్టాకేనమ్మా. మీ మిషనుక్కూడా ఓ చుక్క వెయ్యమంటారా? అరిచేది అదేనేమో."

"నా మిషను అరిస్తే నేను ఆపుకోగలను. నిన్న మీ రైలు అరుపుకి ఉలిక్కిపడి ఒకాయన కోటు చెయ్యి అడ్డంగా కుట్టాను. ఇప్పుడాయన చెయ్యెత్తి నమస్కారం కూడా పెట్టలేడు."

నవ్వుకుంటూ పోయేవాడు. లేని చప్పుడు గురించి ఇంత పోరు పెట్టే మనిషిని ఎక్కడా చూడలేదనుకునేవాడు. ఆవిడ ఆఫీసుకి కాగితాలు పెడుతోందని తెలుసు. పెట్టుకోనీ అనుకున్నాడు. ఆఫీసు ఎవరి మాట వింటుంది గనక.

ఆ రోజుల్లోనే ఇంజినీరు అతన్ని పిలిపించాడు. నగరం నడిబొడ్డున ఉన్న ఆఫీసు నుంచి లూపుకి గంట ప్రయాణం. అందుకే ఇంజినీరు ఎప్పుడోగాని రాడు. బల్ల మీద ఒక యంత్రం బొమ్మ పరిచాడు.

"దీన్ని పట్టా పక్కన బిగిస్తే చక్రం తగలగానే అదే గ్రీజు చిమ్ముతుంది బాబాయ్. ఇక మీరు వంగక్కర్లేదు."

"మరి నేనేం చెయ్యాలి సార్?"

"కడిగే షెడ్డులో మనుషులు తక్కువున్నారు."

కడిగే షెడ్డంటే, వరసగా నిలబడి రైలు పెట్టెల మీద గొట్టంతో నీళ్ళు కొట్టి తుడవడం. నిన్న చేరినవాడికీ ఇరవై ఆరేళ్ళవాడికీ అక్కడ ఒకటే బ్రష్షు.

"అయిదు నెలల్నించి శబ్దమే లేదు సార్. లేని జబ్బుకి మందెందుకు? ఒకసారి వచ్చి మీరే వినండి."

ఇంజినీరు యంత్రం బొమ్మని చుట్ట చుట్టాడు. "సరే. మంగళవారం పదకొండింటికి వస్తా. అరుపు లేకపోతే యంత్రం మాటెత్తను. ఉంటే మీరు షెడ్డుకి. సరేనా?"

"మీరు రావడమే ఆలస్యం సార్."

మంగళవారం అతను ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఇంజినీరు వెంట ఒక గుమాస్తా కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని వచ్చాడు. ముగ్గురూ రేకుల గది ముందు నిలబడ్డారు. రైలు స్టేషను దాటి వంపులోకి దిగింది. మోటారు రొద, పెట్టెల దడదడ, కాళ్ళ కింద నేల అదురు, అన్నీ ఎప్పటిలానే ఉన్నాయి. రైలు సగం తిరిగేసరికి అతను మీసం కింద నవ్వుతూ ఇంజినీరు వైపు చూశాడు.

ఇంజినీరు భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. పుల్లటిదేదో కొరికినట్టు మొహమంతా ముడుచుకుపోయింది. గుమాస్తా అట్ట కింద పడేసి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మూడో అంతస్తులో ఆవిడ మిషను మీంచి కాలు తీసి, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. ముగ్గురూ కలిసి తనని ఆటపట్టిస్తున్నారా అనుకున్నాడు ఒక్క క్షణం. ఇంతలో కంచె మీది కాకులన్నీ ఒక్కసారే లేచిపోయాయి. కాకులు ఆటపట్టించవు.

"ఇదా బాబాయ్ శబ్దం లేకపోవడం?" అన్నాడు ఇంజినీరు, రైలు పోయాక.

"అంటే సార్... ఇవాళ గ్రీజు కొంచెం..." అంటూ గ్రీజు డబ్బా మూత తీసి చూశాడు.

"మీ వయసు చూసి వారం టైమిస్తున్నా. వచ్చే మంగళవారం మళ్ళీ వస్తా. అదే ఆఖరు."

ఆ సాయంత్రం ఇంటికి పోయి బీరువా మీది గడియారాలు మూడూ దించాడు. అలారం ముళ్ళు సరిచేసి, ఒక్కొక్కటే చెవికి ఆనించుకున్నాడు. అరచేతిలో సన్నగా వణుకుతున్నాయి. అంతే. వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

"మూడూ ఒకేసారి పెట్టారేంటండీ? చెవులు పగిలిపోతున్నాయి!"

"మోగుతున్నాయా?"

ఆమె అతని మొహం చూసింది. ఒక్కొక్కటే ఆపి, పక్కన కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచి?"

"తెలిస్తే మూడు గడియారాలు ఎందుకు కొంటాను?"

"నా మాట వినపడుతోందిగా?"

"వినపడుతోంది. రైలు బూర వినపడుతుంది, దాని గొంతు లావు. సన్నగా కీచుమనేవే పోయాయి." గడియారాల ముళ్ళు వెనక్కి తిప్పుతూ అన్నాడు. "ఆఫీసులో చెప్తే చెవులు పరీక్ష చేస్తారు. తప్పితే పట్టా మీద కాలు పెట్టనివ్వరు."

"చెప్పకపోతే?"

"వారంలో అరుపు ఆపితే లూపు నాదే."

"వినపడందాన్ని ఎలా ఆపుతారు?"

తెల్లారేసరికి అతనికి ఒక దారి తట్టింది. తనకి లేని చెవులు ఎవరినైనా అడగాలి. రోజంతా లూపు పక్కనే ఉండే చెవులు ఒక్క మనిషికే ఉన్నాయి.

పొద్దున్నే మూడంతస్తులూ ఎక్కాడు. ఆవిడ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని చొక్కా కాలరు బిగిస్తోంది. అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"చెవుల్లో పోసుకున్నారా అని ఏదో కోపంతో అన్నానండీ. నిజంగా ఇలా అని తెలిస్తే అనేదాన్ని కాదు."

"మీరొక్కరే కదమ్మా నిజం చెప్పింది."

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చి అతని ముందు పెట్టింది. మెట్రో ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాలు, పదకొండు. తేదీలు వేరు, మాట ఒకటే. "మా సిబ్బంది రోజువారీ పరిశీలనలో లూపు దగ్గర శబ్దం లేదు. మీ ఫిర్యాదులో వాస్తవం లేనందున మూసివేయడమైనది."

"పదకొండుసార్లు నన్ను అబద్ధాలకోరుని చేశారు. ఎవడో పెద్ద ఆఫీసరు రాశాడనుకుని వాణ్ణి నోరారా తిట్టుకున్నాను" అంది.

అతను ఆ వాక్యాన్ని గుర్తుపట్టాడు. తన వాక్యం. ఒక్క అక్షరం మార్చకుండా అచ్చులో ఉంది. గొడుగు కావాలని రాశాడు, కుర్చీ కాలు విరిగిందని రాశాడు, ఇరవై ఆరేళ్ళలో ఒక్కదానికీ ఆఫీసు జవాబివ్వలేదు. ఆఫీసు నమ్మి విన్న మాట ఇదొక్కటే, అదీ ఒక మనిషి నోరు నొక్కడానికి.

అతను ఫైలు మూసి ఆవిడ ముందుకి జరిపాడు. ఆవిడ అంది, "సరే, ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి."

రైలు అరిచినంతసేపూ పసుపుపచ్చ కొలత టేపు పైకెత్తి పట్టుకోవాలి, ఆగగానే దించాలి. అదీ వాళ్ళ ఏర్పాటు. ఆ బుధవారమంతా అతను రైలు చక్రాల్నీ టేపునీ మార్చి మార్చి చూశాడు. వంపు మొదట్లో టేపు లేవడం లేదు. వంపు నడుమ ఉన్న దీపస్తంభం దాటగానే లేస్తోంది, చివరిదాకా దిగడం లేదు. అప్పుడు అర్థమైంది. అతను గొప్పగా చేసిన చిక్కటి మిశ్రమం పూసిన చోటే ముద్దయి ఉండిపోతోంది. చక్రాలు దాన్ని ముందుకి మోసుకుపోవడం లేదు. వంపు చివరి భాగమంతా ఎండిపోయి ఉంది. రెండేళ్ళుగా తగ్గుతూ వచ్చింది అరుపు కాదు, తన వినికిడి. నిజానికి అరుపు పెరిగింది, పెంచింది తనే.

గురువారం పాత పలుచటి మిశ్రమం కలిపాడు. దీపస్తంభం అవతల, మూరెడు మూరెడు దూరంలో, పలుచగా పూశాడు. శుక్రవారం టేపు రెండు క్షణాలు లేచి పడిపోయింది. శనివారం లేవనేలేదు. పైనించి కేక వినపడింది. "అన్నయ్యగారూ! ఏమిటీ ప్రశాంతత? నాకు నిద్రొస్తోంది!"

మంగళవారం రైలు తిరిగింది. ఇంజినీరు భుజాలు కిందే ఉన్నాయి. కాకులు కంచె మీదే ఉన్నాయి.

"భేష్ బాబాయ్! యంత్రం ఫైలు పక్కన పడేస్తా. పుస్తకంలో రాయండి, నేనూ సంతకం పెడతా."

అతను పుస్తకం దించాడు. వెనక్కి తిప్పితే అయిదు నెలల పేజీలు, అన్నింటిలోనూ అదే వాక్యం. ఇవాళ కూడా అదే రాస్తే చాలు. నిజానికి ఇవాళ అది నిజం కూడా. పెన్ను తీసి ఇలా రాశాడు. "ఇవాళ శబ్దం లేదని మూడో అంతస్తు ఆవిడ చెప్పారు. నాకు సన్నటి శబ్దం వినపడదు. అయిదు నెలలుగా నేను రాసింది తప్పు. ఆవిడ రాసిందే నిజం."

ఇంజినీరు చదివి ఎర్రబడ్డాడు. "ఇదేంటి? ఎవరడిగారు మిమ్మల్ని? ఆ కాగితం చింపేసి మళ్ళీ రాయండి."

"పేజీలకి నంబర్లున్నాయి సార్."

"మీ మంచికే చెప్తున్నా. ఇది పైకి పోతే రేపే చెవుల పరీక్ష. గెలిచి ఓడిపోతారా?"

"తెలుసు సార్. ఆవిడకి పదకొండు ఉత్తరాలు పోయాయి. పన్నెండోదైనా సరిగ్గా పోవాలి."

గురువారం పరీక్ష జరిగింది. తప్పాడు. సోమవారం నుంచి కడిగే షెడ్డు. రెండు నెలలకి యంత్రం వచ్చింది. దానికి ఏ పాళ్ళలో గ్రీజు పొయ్యాలో ఎవరికీ తెలియక ఇంజినీరు గుమాస్తాని పంపిస్తే, ఒక చీటీ మీద రాసిచ్చాడు. దాని కింద ఎవరూ అతని పేరు వెయ్యలేదు, అతనూ అడగలేదు. షెడ్డులో ఆరింటికే ఉండాలి. గడియారాల పని ఇప్పుడు భార్యే చేస్తోంది, భుజం పట్టుకుని కుదిపి.

ఒక సాయంత్రం షెడ్డు నుంచి తడి బూట్లతో కంచె పక్కగా పోతుంటే పైనించి పిలుపు వచ్చింది. ఆవిడ చేతిలో ఒక ఉత్తరం ఉంది. వరండా మీంచి వంగి, వీధంతా వినేలా చదివింది. "మీ ఫిర్యాదు వాస్తవమని తేలింది. కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నాము." చదివి, కాగితం ఊపుతూ అడిగింది.

"వినపడిందా అన్నయ్యగారూ?"

"వినపడకేం! మీ గొంతు లావు. అది ఎప్పుడూ వినపడుతూనే ఉందమ్మా."